పిస్టన్లు చేతికి రాకముందే బ్లాకు కొయ్యనివ్వకండి

(బండ్ల మీద పాఠకుల ప్రశ్నలకు, కడపలో ముప్పై ఏడేళ్లుగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మేస్త్రీ గారూ, నమస్తే. మా నాన్న 1986లో కొన్న పెట్రోల్ అంబాసిడర్ పదకొండేళ్లుగా పశువుల కొట్టంలో పడి ఉంది. ఆపేసే నాటికే నీలం పొగ కక్కేది, ఆయిల్ తాగేది, చిన్న మిట్ట ఎక్కాలన్నా రెండో గేరే. మా ఊరి మెకానిక్ ఒకాయన రింగులు మారిస్తే చాలంటున్నాడు. ఇంకొకాయన డీజిల్ ఇంజన్ వేసుకోమంటున్నాడు. నాది బ్యాంకు ఉద్యోగం, సెలవు రోజులు ఖాళీ. లేత్ మేస్త్రి సాయం తీసుకుని ఇంజన్ పని నేనే చేసుకోవాలని ఉంది. అయ్యే పనేనా? ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: అయ్యే పనే. విప్పడం, బిగించడం మీ వంతు. కొయ్యడం, సానపట్టడం లేత్ మేస్త్రి వంతు. ఈ రెండింటి మధ్య కొలవడం అని ఒక పని ఉంది. ఇంజన్లు చెడేది ఎక్కువగా అక్కడే. నా జవాబంతా దాని చుట్టూనే తిరుగుతుంది, కాస్త ఓపిక పట్టండి.

ముందు డీజిల్ ఇంజన్ మాట మరిచిపోండి. మీ బండిలో ఉన్నది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్. బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. పిస్టన్ల దెబ్బకు తిరిగే ఇరుసు క్రాంక్, దానికి మూడే మెయిన్ బేరింగులు. మొదటిసారి చెయ్యి పెట్టేవాళ్లకు ఇంతకంటే ఓర్పున్న ఇంజన్ దొరకదు. పశ్చిమ బెంగాల్ ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది గానీ, సామాను ఇప్పటికీ దొరుకుతోంది. కాకపోతే నాలుగు షాపులు తిరగాలి.

పొరపాటున కూడా ఇప్పుడు సెల్ఫ్ కొట్టకండి. ఇన్నేళ్లు కదలని ఇంజన్లో రింగులు తుప్పుతో బోరుకు, అంటే పిస్టన్ ఆడే గొట్టం గోడకు, అతుక్కుపోయి ఉంటాయి. నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో సిలిండర్లో ఇంజన్ ఆయిలూ డీజిలూ కలిపి రెండు మూడు చెంచాలు పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. కదలకపోతే మళ్లీ పొయ్యండి, మళ్లీ ఆగండి. హ్యాండిల్‌కు పైపు తగిలించి బలం చూపించొద్దు.

ఫ్రీగా తిరిగాక పాత ఆయిల్ దించి కొత్తది పోసి, మంచి బ్యాటరీ పెట్టి గేజ్‌తో కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూడండి. నాలుగు సిలిండర్ల లెక్కలూ రాసుకుని, ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి ఇంకోసారి చూడండి. లెక్క బాగా పెరిగిందంటే తప్పు రింగులదీ, బోరుదీ. పెరగలేదంటే వాల్వులది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లే పడిపోయి ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

రింగులు మారిస్తే చాలన్నాయన మాట నిజమో కాదో, హెడ్ తీశాక మీ గోరే చెబుతుంది. బోరు పైఅంచు దగ్గర గోటిని కింది నుంచి పైకి లాగి చూడండి. గట్టులా తగులుతుందా? పై రింగు అక్కడిదాకా రాదు కాబట్టి ఆ చోటు అరగలేదు, దాని కింద అంతా అరిగింది. పాత రింగు తనతోపాటే అరిగింది కాబట్టి గట్టు కింద ఒదిగి ఆడుతుంటుంది. కొత్త రింగుకు అంచు పదును, పోయి గట్టుకు కొట్టుకుంటుంది. కొన్నాళ్లకు రింగైనా విరుగుతుంది, పిస్టన్‌లో రింగు గాడి అయినా పగులుతుంది. పైగా అరిగిన బోరు గుండ్రంగా ఉండదు. రెండు పక్కలా లాగినట్టు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. గుండ్రటి రింగు అందులో ఎట్లా కూర్చుంటుంది చెప్పండి? గట్టు తగలకపోతే ఆయన మాటే వినండి, మీకే ఖర్చు తగ్గుతుంది. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే తగులుతుందనే నాకు నమ్మకం.

విప్పడంలో నేను చెప్పేది ఒకటే, ఏది ఎక్కడిదో అక్కడికే పోవాలి. మెయిన్ క్యాపులు, రాడ్ క్యాపులు ఒకదానివి ఇంకోదానికి వెయ్యకూడదు, తిప్పి వెయ్యకూడదు. నంబరు కనపడకపోతే విప్పకముందే పంచ్‌తో చుక్కలు కొట్టుకోండి. పుష్‌రాడ్లను అట్టకు చిల్లులు పెట్టి వరసగా గుచ్చండి. వాల్వుల స్ప్రింగులు, వాషర్లు, చిన్న లాకులు కలిసిపోకుండా మా ఆవిడ పారేద్దామనుకున్న ఇడ్లీ ప్లేట్లు రెండు షెడ్డుకు తెచ్చుకున్నాను. ప్లేటుకు నాలుగు గుంతలు, మొత్తం ఎనిమిది. అంబాసిడర్‌కు వాల్వులూ ఎనిమిదే. ఇరవై ఏళ్లుగా ఆ ప్లేట్లే వాడుతున్నాను.

ఇక లేత్ షాపు. బ్లాకు, క్రాంక్, రాడ్లు, హెడ్ ఆటోలో వేసుకుపోయి దించేసి "ఎప్పుడిస్తావ్, ఎంతవుతుంది?" అని అడిగేవాళ్లే నూటికి తొంభైమంది. మీరు అట్లా అడగొద్దు. "నా ముందర కొలుస్తారా?" అని అడగండి. ఆ ఒక్క మాటతో మేస్త్రి ఎట్లాంటివాడో తెలిసిపోతుంది. మంచివాడైతే మొహం వికసిస్తుంది. పనికిరానివాడైతే "కొలిచేదేముంది, ట్వెంటీ వేసేద్దాం" అంటాడు. ట్వెంటీ అంటే అసలు కంటే అంగుళంలో ఇరవై వెయ్యో వంతులు లావున్న పిస్టన్, దానికి తగ్గట్టు బోరు వెడల్పు చేసి కొయ్యాలి.

మా ఉస్తాద్ షాపు కడపలో ఏడు రోడ్ల నుంచి నడిచిపోయే దూరంలో, ఒక సందులో ఉంది. డెబ్బై దాటిన మనిషి. రెండేళ్ల కింద మీ బండిలాంటిదే ఒక ఇంజన్ తీసుకుపోయాను. ముందు మైక్రోమీటర్‌ను 73.025 మిల్లీమీటర్లకు పెట్టాడు. అంగుళాల్లో రెండూ ముప్పావు, ఇంకో అరపావు, అది ఈ ఇంజన్ అసలు బోరు. ఆ కొలతకు బోర్ గేజ్ సూదిని సున్నా చేసుకుని, గేజ్‌ను బోరులోకి దించి అటూ ఇటూ మెల్లగా ఊపాడు. ఊపుతుంటే సూది పోయి పోయి ఒకచోట వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగిన చోటే కొలత. పైన, మధ్యన, కింద. ముందు వెనకల ఒకసారి, పక్కలకు ఒకసారి. సిలిండర్‌కు ఆరు లెక్కలు, నాలుగింటికి ఇరవై నాలుగు. అన్నీ సుద్దముక్కతో బ్లాకు మీదే రాశాడు. మూడో సిలిండర్ పైభాగంలో, పక్కలకు, పదకొండు థౌ అరుగుదల వచ్చింది. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, మిల్లీమీటర్లలో 0.0254.

పదకొండే కదా, ట్వెంటీ సైజు పిస్టన్ సరిపోతుందిలే అన్నాను నేను. ఆయన నా వైపు జాలిగా చూసి, "అట్ల కాదు బ్బా, అరిగింది యా పక్క?" అన్నాడు. అరుగుదల దాదాపు మొత్తం ఒకే పక్కన ఉంది. పిస్టన్ మండే దెబ్బకు ఒరిగే పక్క అది. బోరు కేంద్రం జరగకుండా కొయ్యాలంటే చుట్టూ సమానంగా తియ్యాలి. ఒక పక్క పదకొండు తీస్తే ఎదురు పక్క కూడా పదకొండు తియ్యాలి. అంటే వెడల్పులో ఇరవై రెండు. ట్వెంటీలో ఒక పక్క మచ్చ మిగిలిపోతుంది. కొందరు మిషన్‌ను అరిగిన పక్కకు కాస్త జరిపి, ట్వెంటీలోనే మచ్చ పోగొట్టేస్తారు. అప్పుడు బోరు క్రాంక్‌కు నిటారుగా ఉంటుంది గానీ అసలు కేంద్రం మీద ఉండదు. మేము ఫార్టీకి పోయాం. నాలుగు బోర్లూ ఫార్టీ అయితే 1489 సీసీ కాస్తా 1531 అవుతుంది, అదో సంబరం.

సైజు తేలాక కూడా కొయ్యనివ్వకండి. పోయి పిస్టన్ల సెట్టు, రింగులు, బేరింగులు కొనుక్కొచ్చి మేస్త్రి బల్ల మీద పెట్టండి. డబ్బా మీద ఫార్టీ అని ఉన్నంత మాత్రాన నాలుగు పిస్టన్లూ అచ్చంగా ఒకే కొలత ఉండవు. మేస్త్రి ఒక్కో పిస్టన్‌ను స్కర్టు (పిస్టన్ కింది భాగం) దగ్గర కొలిచి, దానికి వదలాల్సిన సందు కలుపుకుని దాని బోరు కోస్తాడు. తర్వాత పిస్టన్ మీదా, బోరు పక్కనా ఒకే నంబరు కొడతాడు. ఈ ఇంజన్లో ఆ సందు ఒకటిన్నర, రెండు థౌ. తల వెంట్రుక కంటే సన్నం.

అంత సన్నటి సందును ఎండ కూడా మింగేస్తుంది. మన కడప మే నెల మీకు తెలిసిందే. డిక్కీలో పెట్టుకొచ్చిన పిస్టన్లు చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటాయి. అల్యూమినియం పిస్టన్ ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే వెడల్పులో ఒక థౌ పైనే పెరుగుతుంది. అప్పుడే కొలిచి బోరు కోస్తే, సాయంత్రానికి పిస్టన్ చల్లబడి లోపల లొడలొడలాడుతుంది. అందుకే ఉస్తాద్ పిస్టన్లను రాత్రంతా బ్లాకు పక్కనే, తన నీళ్ల కుండ దగ్గర పెట్టి, పొద్దున్నే మిషన్లు ఆన్ చెయ్యకముందు కొలుస్తాడు.

దీనికి తిరగేసిన తప్పు నేనొకసారి చేయించాను. పెళ్లిళ్ల రోజులు. పార్టీకి మర్నాడు రాయచోటికి పెళ్లి ప్రయాణం. బోరు కోసి, అదే ఊపున హోనింగ్ (బోరును సానరాళ్లతో రుద్దడం) కూడా చేసి ఇవ్వమని ఉస్తాద్ నెత్తిన కూర్చున్నాను. చల్లారనీ అని రెండుసార్లు అన్నాడు. నేను వినలేదు. వేడి మీదున్న బ్లాకును కొలిచి సందు సరిపోయిందనుకున్నాం, చల్లారాక బోరు బిగిసింది. రాత్రంతా కూర్చుని ఇంజన్ బిగించేశాను. పొద్దున బండి బాగానే స్టార్టయింది, నేనే డ్రైవర్‌గా పోయాను. వెనక సీట్లో పెళ్లికొడుకు మేనత్తలు ముగ్గురు, ఒళ్లో సారె పళ్లాలు. గువ్వలచెరువు ఘాట్లో మూడో మలుపు దాటుతుంటే ఎవరో బ్రేకు తొక్కినట్టు బండి బిగుసుకుని ఆగిపోయింది. నేను బ్రేకు మీద కాలు పెట్టనే లేదు. మేనత్తలు బస్సెక్కి పోయారు. పైన పాలకోవా తినిపిస్తానని వాళ్లకిచ్చిన మాట అట్లాగే ఉండిపోయింది.

ఆ పిస్టన్లు చేతిలో పట్టుకుని షాపుకు పోతే ఉస్తాద్ నన్ను ఒక్క మాట అనలేదు. బోర్ గేజ్ నా చేతికిచ్చి "నువ్వే కొలువు" అన్నాడు. కొలవడం నేను నేర్చుకున్నది ఆ రోజే. పిస్టన్ల డబ్బు నాది, కూలి ఆయనది.

హోనింగ్ అయ్యాక బోరులో సన్నటి అడ్డగీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనపడాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా మెరిసే బోరు చూసి మురిసిపోకండి. బ్లాకు ఇంటికి తెచ్చాక పెట్రోలుతో కడిగి పని అయిపోయిందనుకోవద్దు. రాయిపొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోలు దాన్ని కదిలించదు. వేడినీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షు. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగా రావాలి. మాసిందంటే మళ్లీ రుద్దండి. తుడిచిన వెంటనే ఆయిల్ పూయండి, పోత ఇనుము అరగంటలో తుప్పు పడుతుంది. ఆయిల్ దారుల డమ్మీలు (రంధ్రాల మూతలు) విప్పించి లోపల సన్న బ్రష్షు ఆడించడం కూడా మీ పనే, ఇంకొకరికి అప్పగించొద్దు.

నీళ్ల దారి కూడా చూడండి. మన దగ్గర రేడియేటర్లలో బోరునీళ్లు పోసీ పోసీ లోపల సున్నం పేరుకుని ఉంటుంది. బ్లాకు పక్కనున్న డమ్మీలు కొట్టించి, వంచిన కమ్మీతో నాలుగో సిలిండర్ చుట్టూ గోకితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. ఆ రెండేళ్ల నాటి ఇంజన్లో టీ గ్లాసెడు వచ్చింది.

హెడ్ విషయంలో రెండే మాటలు. గైడ్లు (వాల్వు కాడ ఆడే గొట్టాలు) మార్చేది ఉంటే ముందు గైడ్లు, తర్వాతే సీటు (వాల్వు తల ఆనే అంచు) కటింగ్. కటర్ నిలబడేది గైడ్ ఆధారంగానే కాబట్టి, లొడలొడలాడే గైడ్‌లో కోసిన సీటు పక్కకు పోతుంది. రెండోది, ఎగ్జాస్ట్ వైపు గట్టి ఇనుముతో చేసిన సీట్లు వేయించండి. ఈ ఇంజన్ సీసం కలిపిన పెట్రోలు కాలంనాటిది. ఆ సీసమే వాల్వుకూ సీటుకూ మధ్య మెత్తగా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పోత ఇనుము సీటు దాంతో మెల్లగా లోపలికి తినేసుకుపోతుంది. పనిలో పనిగా పెట్రోలు పంపు డయాఫ్రమ్, రబ్బరు పైపులు కొత్తవి వెయ్యండి. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలును పాత రబ్బరు తట్టుకోలేదు.

బిగింపు గురించి రాస్తూ పోతే పత్రిక సరిపోదు. ఒక్క చిట్కా చెబుతాను. క్రాంక్ వేశాక ఒక్కో మెయిన్ క్యాపు బిగించిన ప్రతిసారీ క్రాంక్‌ను చేత్తో తిప్పి చూడండి. ఏ క్యాపు బిగించాక బరువెక్కిందో తప్పు ఆ క్యాపు దగ్గరే ఉంది. మూడూ బిగించాక చూస్తే ఎక్కడని వెతుకుతారు? రింగుల్ని కూడా ఒక్కొక్కటిగా దాని బోరులోకి తోసి, కొసల మధ్య సందును ఫీలర్ రేకులతో చూడండి. పది, పన్నెండు థౌ ఉండాలి. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ చూపించేదాకా సెల్ఫ్‌తో తిప్పండి.

ఆ తర్వాత గేర్‌బాక్స్ పక్క నుంచి రెండు చుక్కల ఆయిల్ కారితే నాకు ఉత్తరం రాయొద్దు. ఆ ఇంజన్‌కు వెనక ఆయిల్ సీలే ఉండదు. క్రాంక్ మీద మరలా చుట్టిన గాడే ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపాలి. కొత్తలో కూడా కారేవి.

ప్రశ్న: మా కమాండర్ జీపు క్రాంక్ గ్రైండింగ్‌కు ఇస్తే, లేత్ ఆయన "థర్టీలో మచ్చ పోలేదు, ఫార్టీకి పోవాలి" అంటున్నాడు. మా ఆయన దుబాయ్‌లో ఉన్నారు, జీపు పని నేనే చూసుకుంటున్నాను. ఆడమనిషినని మోసం చేస్తున్నాడేమో అని టెన్షన్‌గా ఉంది. ఎట్లా తెలుసుకోవాలి?
ఒక పాఠకురాలు, రాయచోటి

జవాబు: అమ్మా, క్రాంక్‌కు ఫార్టీ అంటే అసలు కంటే నలభై థౌ సన్నం చెయ్యడం. పోయి క్రాంక్ చూపించమనండి. ఆయిల్ రంధ్రం చుట్టూ, జర్నల్ (బేరింగు కూర్చునే గుండ్రటి భాగం) మధ్యలో గోరు ఆడించండి. గీత గోటికి తగిలితే ఆయన చెప్పింది నిజం. గోరు జారిపోతుంటే మైక్రోమీటర్‌తో అడ్డంగా, నిలువుగా కొలిచి చూపించమనండి. రెండు లెక్కలూ ఒకటే అయితే ఇంకా కొయ్యాల్సిన పని లేదు, పాలిష్ చాలు. మోసం చేసేవాళ్లు ఆడా మగా అని చూడరమ్మా. కొలత చూపించమని అడిగేవాళ్లా, అడగనివాళ్లా అనే చూస్తారు.

అయితే ఫార్టీ బేరింగులు మీ జీపుకు దొరుకుతున్నాయో లేదో ముందు కనుక్కోండి. కోసేశాక దొరక్కపోతే ఆ క్రాంక్ ఇనుప సామాన్ల వాడికే. దొరుకుతాయంటే తెచ్చి ఆయన చేతిలో పెట్టి, అప్పుడు కొయ్యమనండి. ఫార్టీ చాలా బండ్లకు ఆఖరు సైజు, తర్వాత ఇంకో క్రాంకే.

గ్రైండింగ్ అయ్యాక ఇంటికి తెచ్చుకునే ముందు ఇంకోటి చూడాలి. జర్నల్ రెండు చివర్లా, పక్కగోడను కలిసే మూలలో, చిన్న వంపు ఉంటుంది. కొత్త బకెట్ అడుగున గోడా నేలా కలిసేచోట ఉంటుందే, అట్లాంటి వంపు. రాయి అంచును గుండ్రంగా దిద్దుకోకుండా గ్రైండ్ చేస్తే ఆ వంపు పోయి మూల కత్తిరించినట్టవుతుంది. క్రాంక్ విరిగేది సరిగ్గా అక్కడే. వేలు పెట్టి తడమండి, మెత్తగా తిరగాలి. ఆయిల్ రంధ్రాల అంచులు కూడా పదునుగా ఉండకూడదు, కొత్త బేరింగును చెక్కేస్తాయి. ఇవి రెండూ మీరు చూస్తున్నారని తెలిస్తే ఆయన ఇక మీతో జాగ్రత్తగానే ఉంటాడు.

ప్రశ్న: ఫుల్ ఇంజన్ పని చేయించాను. మెకానిక్ వెయ్యి కిలోమీటర్ల దాకా నలభై దాటొద్దన్నాడు. ఇంటి దగ్గర రోజూ ఒక గంట ఊరికే ఆన్ చేసి పెడుతున్నాను, మంచిదేనా?
ఒక పాఠకుడు, పులివెందుల

జవాబు: ఈ రోజు నుంచే మానేయండి. నిలబెట్టి ఆడిస్తే రింగులు బోరుకు గట్టిగా ఆనవు. గీతల కొసలు అరిగి రింగులు కూర్చోవడం మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే జరిగిపోవాలి. ఆ లోపల జరగకపోతే బోరు మెరుగెక్కి, ఆయిల్ తాగడం మళ్లీ మొదలవుతుంది.

రోడ్డెక్కండి. నలభై దగ్గరే పట్టుకుని కూర్చోకుండా స్పీడు మారుస్తూ పోండి, కాస్త యాక్సిలేటర్ ఇచ్చి మళ్లీ వదిలేయండి. వదిలినప్పుడు బోరులోకి ఆయిల్ లాగుతుంది, అది కూడా కావాలి. టాప్ గేర్లో గునిసేలా మాత్రం తోలొద్దు. లోడు వద్దు, ఘాట్లు వద్దు. గువ్వలచెరువు సంగతి పైన రాశాను. ఐదువందల కిలోమీటర్లకు ఆయిలూ ఫిల్టరూ మార్చి, హెడ్ నట్లు ఇంకోసారి చూపించుకోండి. దించిన ఆయిల్‌ను ఎండలో పట్టి చూస్తే సన్నటి వెండిపొడి మెరుస్తుంది. భయపడొద్దు, అది రింగులది. రాగి రంగు ముక్కలు కనపడితే మాత్రం బండి ఆపేసి మెకానిక్‌ను పిలవండి, అది బేరింగు.

ప్రశ్న: సార్, నేను ఐటీఐ టర్నర్ ట్రేడ్ రెండో సంవత్సరం. ఫ్రెండ్సంతా పెనుకొండ కియాలో, దాని చుట్టూ ఉన్న కంపెనీల్లో చేరాలంటున్నారు. నాకు పాత ఇంజన్ల లేత్ పని ఇష్టం. అందులో బతుకుతెరువు ఉంటుందా?
ఒక విద్యార్థి, కడప

జవాబు: నాయనా, కంపెనీ జీతం ఒకటో తారీఖున వస్తుంది. లేత్ షాపులో పార్టీ ఇచ్చినప్పుడు వస్తుంది. ఆ తేడా నీ ఇంటి పరిస్థితిని బట్టి నువ్వే లెక్కేసుకో, నేను చెప్పేది కాదు. పని మాత్రం ఉంది. బోర్‌వెల్ లారీలు, ట్రాక్టర్లు, నాపరాళ్ల మిషన్లు, జీపులు ఉన్నంతకాలం బోర్లు అరుగుతాయి. మన దుమ్ము ఎట్లాంటిదో చూస్తున్నావుగా. నిజం చెప్పాలంటే మా ఉస్తాద్ దగ్గర ఇప్పుడు నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు. ఇద్దరు కొడుకులూ బెంగళూరులో ఉన్నారు. ఆయన తర్వాత నా బ్లాకులు ఎక్కడికి మోసుకుపోవాలో నాకూ తెలియదు.

రెండూ కావాలంటే ముందు కంపెనీలో రెండేళ్లు చెయ్యి. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్లు) చూస్తావు, డ్రాయింగ్ చదవడం వస్తుంది. సెలవుల్లో ఒక ముసలి మేస్త్రి దగ్గర కూర్చో. మొదట్లో ఆయన లేత్ కింద పడ్డ ఇనుప చిప్స్ ఊడవమంటాడు, టీ తెమ్మంటాడు. ఊడువు, తే. చూపు మాత్రం ఆయన చేతుల మీద ఉంచు, ఏ ముక్కను కొలిచే ముందు ఆగాడో, దేన్ని తాకి పక్కన పెట్టాడో.

ఇప్పుడే 0-25 మిల్లీమీటర్ల మైక్రోమీటర్ ఒకటి కొనుక్కో, సెకండ్‌హ్యాండ్ అయినా ఫరవాలేదు. నన్ను ఉస్తాద్ మొదట కొలవమన్నది సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం. గట్టిగా తిప్పితే నలిగి తక్కువ చూపిస్తుంది, వదులుగా పట్టుకుంటే ఎక్కువ. ఒకే కాగితాన్ని ఒకే చోట పదిసార్లు కొలిచి, పదిసార్లూ ఒకే లెక్క వచ్చేదాకా బ్లాకు దగ్గరికి రావద్దన్నాడు. నాకు నాలుగో రోజు సాయంత్రం వచ్చింది.